డ మీద రాసిన య

మా ఊరి మొగదల్లో పచ్చ బోర్డు పెట్టిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ‘ఈ గ్రామంలో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉన్నది’ అని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగి, నాయకులు కార్లెక్కారు. ఆ కార్ల దుమ్ము అణగకముందే మా పేట ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని బంద గట్టు వైపు బయల్దేరారు. బంద అంటే మా వైపు చిన్న చెరువు. దాని పక్కనుంది కాబట్టి మాది బందపేట.

నేను ఆమదాలవలసలో ఒక పత్రికకు విలేకరిని. విలేకరి అనగానే జీతం ఉందనుకునేరు. అచ్చయిన వార్తకు ఇంతని ఇస్తారు, అదీ మనం గుర్తు చేస్తే. ఆ బోర్డు వార్త కూడా నన్నే రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. మా ఇంటి మరుగుదొడ్డిలో కోళ్ళు పడుకుంటాయి మరి! గోడలున్నాయి, తలుపుంది, తెల్లటి బేసిన్ కూడా ఉంది. కింద గొయ్యి మాత్రం లేదు. నీళ్ళు పోస్తే పోసినచోటే నిలబడి మన ముఖం మనకు చూపిస్తాయి.

పేటలో దొడ్లన్నీ కట్టించింది గిరిబాబు. మా మాజీ సర్పంచి గణపతిరావుకు అల్లుడు. గొయ్యి సంగతి అడిగితే, “తవ్విస్తాను, తవ్విస్తాను, గునపం ఇరిగిపోనాది” అనేవాడు. ఆ గునపం ఏడాది దాటినా అతుక్కోలేదు.

కట్టిన ప్రతి దొడ్డి గోడ మీదా ఇంటివాళ్ళ పేరు రాయించి, ఆ పేరు కనబడేలా ఫోటో తీసి పైకి పంపితే బిల్లు వస్తుంది. ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను స్టేషను ఎదురుగా టీకొట్టులో కూర్చుని మా ఊరివి ఒక్కొక్కటే చూస్తున్నాను. ‘మరిడమ్మ’ అని మా అమ్మ పేరుతో ఒకటి వచ్చింది. మా గోడే. మూల నుంచి దిగిన పగులు, తలుపు పక్కన మా కోళ్ళ గంప. ఇంకాస్త ముందుకు పోతే ‘మరియమ్మ’ అని ఇంకొకటి వచ్చింది. అదే పగులు. అదే గంప.

ఇక్కడ మా పేర్ల సంగతి చెప్పకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. బందపేటలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. మా తాతల నాటి నుంచి మేం బాప్టిస్టు చర్చివాళ్ళం. కానీ హిందువులమని రాసుకుంటేనే మాకు ఎస్సీ సర్టిఫికెట్టు ఇస్తారు. క్రైస్తవులమని చెబితే అది తీసేసి బీసీల్లో వేస్తారు. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో మమ్మల్ని ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకోలేదు గానీ చట్టం అలా ఉంది. అందుకని కాగితానికో పేరు, దేవుడికో పేరు. మా పక్కింటి సోములు మావ ఆదివారం నాడు పాల్. నన్ను బడిలో వేసినప్పుడు హెడ్మాస్టారు, “కృపారాణి అని రాస్తే పిల్లకి రేపు ఏమీ రాదు” అని కాసేపు ఆలోచించి, వాళ్ళమ్మగారి పేరు పెట్టేశారు. అలా నేను బడిలో తాయారునయ్యాను. మా అమ్మకు పుట్టినప్పుడు పెట్టిన పేరు మరిడమ్మ. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు పెద్దగా శ్రమపడలేదు. ఒక్క అక్షరం మార్చి మరియమ్మను చేశారు.

గిరిబాబు దొంగతనమంతా ఈ రెండు పేర్ల మధ్యే ఉంది. ఒకే దొడ్డి, రెండు పేర్లు, రెండు ఫోటోలు, రెండు బిల్లులు. పైనుంచి ఎవరైనా వచ్చి “మీ పేటలో సోములు ఉన్నాడా?” అంటే ఉన్నాడంటారు. “పాల్ ఉన్నాడా?” అన్నా ఉన్నాడనే అంటారు. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు. మిగతా గోడల మీద పాత పేరుకు నిండా సున్నం కొట్టించి కొత్త పేరు రాయించాడు. మా గోడ దగ్గరకొచ్చేసరికి పెయింటరుకు బద్ధకం వేసింది. ఒక్క అక్షరంతో పోయేదానికి పేరంతా ఎందుకనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. మ, రి, మ్మ మూడూ ఎండకు వెలిసిపోయాయి. మధ్యన య ఒక్కటే నీలంగా మెరుస్తోంది. దాని చుట్టూ అరచేతి మేర తెల్లటి సున్నం. గోటితో అంచు గీకాను.

“ఏటే, గోడ గీకుతన్నావేటి?” అమ్మ కల్లాపి తప్పేలాతో వచ్చింది.

“అమ్మా, ఇక్కడ ముందు డ ఉండేదా?”

“ఉండీది. మల్లా పెయింటరొచ్చి మార్సినాడు. సూసినావా, సర్చి పేరు రాసినారు! గవర్నమెంటోల్లు నా అసలు పేరు రాయడం ఇదే మొదలు. నానే సదూకున్నాను, కూడబలుక్కుని.”

అమ్మ చదువు నేర్చుకున్నది చర్చిలో, బైబిల్ కోసం. ఆ గోడ మీద తన పేరు తానే చదువుకున్న రోజు నుంచి, పనికిరాని ఆ దొడ్డి ముందు కూడా ముగ్గు వేస్తోంది. నేను అదేదో ఆవిడ శుభ్రం అనుకున్నాను. ఫోన్లో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించి, సంగతంతా చెప్పాను. అమ్మ చాలాసేపు చూసింది. తప్పేలాలో నీళ్ళు ముగ్గు మీదే కుమ్మరించి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో నాకు బిల్లు సంగతి గుర్తు లేదు. మా అమ్మ సంబరపడిన ఒక్క అక్షరాన్నీ వాడు డబ్బు చేసుకున్నాడన్నదే గుర్తుంది. వీణ్ణి వదలకూడదనుకున్నాను.

వార్త రాశాను. ఎవరి పేర్లూ లేకుండా, ఒకే దొడ్డికి రెండేసి బిల్లులు లేచాయని మాత్రం రాశాను. శ్రీకాకుళం డెస్కువాళ్ళు దాన్ని కోసి కోసి, ఎరువుల దుకాణం ప్రకటన కింద వేశారు. అయినా పని చేసింది. విచారణకు జగన్నాధం అనే అధికారి పేటకే వస్తున్నారని కబురొచ్చింది.

ఆయన వచ్చే ముందురోజు సాయంత్రం గణపతిరావు మా ఇంటికి వచ్చాడు. ఆయన పొలంలోనే అమ్మ ఊడుపులకూ కోతలకూ వెళ్తుంది. అమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“మరిడీ, నీ కూతురికి టీచరుద్యోగం వస్తాదట కదే.”

“తమ దయ బాబూ.”

“నా దయేటి, సర్టిఫికెట్టు దయ.” నా వైపు తిరిగాడు. “అమ్మీ, మరిడమ్మా మరియమ్మా ఒకర్తేనని రేపు ఆఫీసరుకి సెప్తావు కాబోలు. సెప్పు, నానొద్దన్ను. మరియమ్మ కూతురికి ఆ సర్టిఫికెట్టు ఎలగొచ్చినాదని అప్పుడు నానడుగుతాను. నాకేటడ్డు?”

“ముందు మీ అల్లుడు తిన్నది కక్కమనండి” అన్నాను. అమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

“నోరు పారేసుకోకు. నీ ఒక్కర్తికే కాదు, పేటంతా రెండేసి పేర్లోల్లే. ఆలోసించుకో” అని ఆయన నెమ్మదిగా, మర్యాదగా వెళ్ళిపోయాడు. కేకలు వేసుంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆయన అన్నది ఉత్తమాట కాదు. టీచరు పోస్టుల పరీక్షలో నాకు మంచి ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకంటే ఎస్సీ కోటాలో మంచి ర్యాంకు. బీసీల్లోకి వెళ్తే అది దేనికీ చాలదు. ఇంకొద్ది రోజుల్లో శ్రీకాకుళంలో సర్టిఫికెట్లు చూస్తారు.

అమ్మ తలుపు దగ్గరకు వేసి నా ముందు కూర్చుంది.

“మాటియ్యి” అంది. “ఆ రెండు పేర్లూ ఒకర్తివేనని నీ నోటితో సెప్పకు.”

“అది చెప్పకపోతే వాడు దొరకడమ్మా.”

“దొరక్కపోతే పోనాడు! నానిన్నాల్లు నడుం ఇరగ్గొట్టుకున్నది ఎందుకనీసి? నాను బంద గట్టుకెల్తాను, సచ్చీదాకా ఎల్తాను. నాకు సిగ్గు నేదు. నువ్వు మాత్రం బల్లో కుర్సీలో కూకోవాల.”

సిగ్గు లేదని చెప్తున్న మనిషి కళ్ళ నిండా నీళ్ళు. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది, ఇంత ప్రేమ నా నెత్తిన పెట్టినందుకు. “సరే, పేర్ల సంగతి చెప్పను. గోడ సంగతి మాత్రం చెప్తాను. అక్షరం చూపిస్తాను. నన్ను ఆపకు” అన్నాను.

“గోడ సంగతి సెప్పుకో” అంది అమ్మ.

జగన్నాధంగారు పొద్దున్నే జీపులో వచ్చారు. విజయనగరం మనిషి. ఎక్కువ మాట్లాడరు, ఎదుటివాళ్ళను మాట్లాడనిచ్చి వింటారు. పేట జనమంతా మా వాకిట్లోనే పోగయ్యారు. ఒక పక్క గణపతిరావు, గిరిబాబు. కాస్త దూరంలో వాళ్ళు తెచ్చిన ఆటో ఒకటి వేపచెట్టు నీడన ఆగి ఉంది. దాని పరదాలు దించి ఉన్నాయి.

రెండు ఫోటోలూ చూపించాను. ఆయన గోడనూ ఫోటోలనూ మార్చి మార్చి చూసి, గుమాస్తా చేత గోడకు ఇంకో ఫోటో తీయించారు. అప్పుడు నేను కొబ్బరిపీచు నీళ్ళలో ముంచి య మీద రుద్దాను. పెయింటరు అసలు రంగు కూడా వాడలేదు, సున్నంలో నీలిమందు కలిపి కానిచ్చాడు. నాలుగు రుద్దులకే య కరిగి నీలం నీళ్ళు గోడ వెంట కారాయి. కింద నుంచి పాత డ బయటికొచ్చింది. జనంలోంచి ఎవరో “అరె!” అన్నారు.

“ఏమయ్యా?” అన్నారు జగన్నాధంగారు.

గిరిబాబు తడబడలేదు. “పెయింటరు తప్పండి. మరియమ్మ దొడ్డి మీద రాయాల్సింది ఇక్కడ రాసీసినాడు. ఆ దొడ్డి ఏరేగా ఉండీది, ఆ సివర్న.”

“ఉండేది అంటే?”

“తిత్లీలో పడిపోనాదండి.”

ఆ ఏడు తిత్లీ తుపాను మా జిల్లాను నిజంగానే నాశనం చేసింది. ఇళ్ళు పోయినవాళ్ళు, తోటలు పోయినవాళ్ళు ఇంకా టార్పాలిన్ల కింద ఉన్నారు. కట్టనివాటిని కూడా ఆ తుపాను చేతే కూలగొట్టించే కాంట్రాక్టర్లు అప్పుడే తయారయ్యారు. “మా కోళ్ళ గంపను కదపలేదండి తిత్లీ! గోడను లేపుకుపోయిందా?” అన్నాను.

“సరే, ఆ మరియమ్మ ఏదీ?” అన్నారాయన.

గిరిబాబు ఆటో వైపు చెయ్యి ఊపాడు. పరదా తొలగించి ఒకావిడ దిగింది. మా అమ్మ వయసే ఉంటుంది. కొత్త చీర, మడతలింకా పోలేదు. ఆవిణ్ణి బందపేటలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నెల్లిమర్ల వైపు నుంచి కూలి మాట్లాడుకుని తెచ్చారని తర్వాత తెలిసింది.

“మీ పేరేంటమ్మా?”

“మరియమ్మండి” అంది నేల చూస్తూ.

“ఈవిడ మీ పేటావిడేనా?” అని ఆయన జనాన్ని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. కాదంటే, మరి మరియమ్మ ఎవరని అడుగుతారు. సోములు మావ తల దించుకున్నాడు. ఆయన కొడుకు ఆ సర్టిఫికెట్టుతోనే రైల్వేలో చేరాడు. నేను ఆయన్ని తప్పుపట్టను. నేను కూడా పళ్ళ మధ్య నాలుక పెట్టుకుని, మాటిచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ నిలబడ్డాను. మా అమ్మ పేరుతో పిలిస్తే పరాయి మనిషి పలుకుతోంది, మా అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

అక్కడితో ఆగి ఉంటే గిరిబాబు గెలిచేవాడు. ధైర్యం ఎక్కువైంది. “అనుమానమైతే పెమానం సేయిస్తానండి” అంటూ మా గుమ్మం పక్క గూట్లోకి చెయ్యి పెట్టి అమ్మ బైబిల్ లాగాడు. అడగలేదు, చెప్పులు కూడా విప్పలేదు. దాన్ని ఆవిడ ముందు పట్టుకుని, “దీని మీద సెయ్యేసి నీ పేరు సెప్పు” అన్నాడు.

అధికారి వద్దనేలోపే ఆవిడ చెయ్యెత్తింది. అలవాటు కొద్దీ ముందు పుస్తకాన్ని తాకి ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. అప్పుడు తెలిసింది, ఆవిడా మాలాగే చర్చికి వెళ్ళే మనిషని. ఆ రోజు కూలి కోసం వచ్చింది, ఇదంతా ఉంటుందని ఎవరూ చెప్పి ఉండరు. చెయ్యి మళ్ళీ పుస్తకం మీదకు రాలేదు. గాల్లోనే ఆగిపోయింది.

“వెయ్యవే” అన్నాడు గిరిబాబు, గొంతు తగ్గించి.

అమ్మ గుమ్మం దిగింది. గిరిబాబు చేతిలోంచి బైబిల్ తీసుకుని కొంగుతో తుడిచింది. ఇంకో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

“సెయ్యి దించమ్మా. ఆడి కోసం నీకా పాపమెందుకు. ఆ పేరు నాది.”

“మరిడీ!” అన్నాడు గణపతిరావు. “ఆలోసించుకుని మాటాడు. పిల్ల ఉద్యోగం గంగలో కలిపీకు.”

అమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. తల ఊపింది నేనే, ఎవరూ ఊపించలేదు. అమ్మ అధికారి వైపు తిరిగింది.

“బాబూ, మరిడమ్మని నానే, మరియమ్మనీ నానే. ఒకటి మాయమ్మెట్టినాది, ఒకటి దేవుడి దగ్గర ఎట్టుకున్నాను. పేర్లు రెండున్నాయి గానీ దొడ్లు రెండు నేవు. ఉన్న ఒక్కదానికీ గొయ్యి నేదు. కావాలంటే నీల్లు పోసి సూడండి.”

జగన్నాధంగారు నిజంగానే బకెట్టుతో నీళ్ళు పోయించి చూశారు. తర్వాత గుమాస్తాకు కొబ్బరిపీచు ఇచ్చి, పేటలో ప్రతి గోడా రుద్దమన్నారు. ఎక్కడ రుద్దినా కొత్త పేరు కింద పాత పేరు బయటపడింది. గిరిబాబు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆటో వెనక్కి వెళ్ళాడు. అటు పక్క ఎవరూ ఎత్తినట్టు లేదు.

వాంగ్మూలం రాసుకుంటూ ఆయన అడిగారు. “ఏ పేరు రాయమంటారమ్మా?”

“రెండూ రాయండి బాబూ. మనిసి ఒకర్తేనని కూడా రాయండి.”

కింద సాక్షి సంతకం కావాలన్నారు. “నువ్వు పెట్టమ్మా. తాయారు కదూ నీ పేరు?”

“తాయారు మా హెడ్మాస్టారి అమ్మగారండి” అన్నాను. “నా పేరు కృపారాణి.” అలాగే సంతకం పెట్టాను. ప్రభుత్వ కాగితం మీద ఆ పేరు రాయడం అదే మొదలు.

అమ్మ ఆ నెల్లిమర్ల ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చింది. పేరడిగితే, “చిన్నతల్లి” అని చెప్పి, చెంగుతో ముఖం దాచుకుంది. ఆవిడకు ఇస్తానన్న కూలి గిరిబాబు ఇచ్చి ఉండడు. బస్సు చార్జీ అమ్మే ఇచ్చింది.

గణపతిరావు అన్నమాట నిలబెట్టుకున్నాడు. నా మీద ఫిర్యాదు వెళ్ళింది. అది చేరేలోపే నేను శ్రీకాకుళం వెళ్ళి ఎస్సీ సర్టిఫికెట్టు నేను పెట్టనని రాసిచ్చేశాను. ఉద్యోగం నా తర్వాత ర్యాంకు అమ్మాయికి వెళ్ళింది. నేనేమీ పెద్ద మనసుతో లేను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్ళు చూస్తున్నా ఆగకుండా ఏడ్చాను. నాకు రావలసింది పోయింది. చర్చికి వెళ్ళినందుకు మా పేదరికం ఏమీ తగ్గలేదే, మాకిచ్చేది మాత్రం ఎందుకు తగ్గాలి? ఈ ప్రశ్న జగన్నాధంగారు తేల్చేది కాదు. నేను వదిలేది కూడా కాదు.

పేటలో మిగతావాళ్ళ జోలికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. రెండు పేర్లున్నాయని చెప్పింది అమ్మ ఒక్కర్తే, చర్చి పేరుతో సంతకం పెట్టింది నేనొక్కర్తినే. మిగతా గోడల మీద ఏమున్నా జగన్నాధంగారు ‘ఒకే దొడ్డికి రెండు బిల్లులు’ అని మాత్రమే రాసుకున్నారు. గిరిబాబు కాంట్రాక్టు రద్దయింది, తిన్నది కట్టమన్నారు. కట్టేవరకూ నేను వారం వారం వార్త రాస్తూనే ఉన్నాను. డెస్కువాళ్ళు విసుక్కుని, చివరికి ఎరువుల ప్రకటన పైకి ఎక్కించారు. విరిగిన గునపం ఎక్కడ అతుక్కుందో గానీ పేటలో ప్రతి దొడ్డికీ గొయ్యి తవ్వారు.

అన్నీ అయ్యాక గోడలకు సున్నం కొట్టి మళ్ళీ పేర్లు రాయడానికి అదే పెయింటరు వచ్చాడు. మా గోడ దగ్గర ‘మరి’ వరకూ రాసి ఆగిపోయాడు. బుర్ర గోక్కుంటూ అమ్మ వైపు తిరిగాడు.

“ఇప్పుడు డ ఎయ్యాలా, య ఎయ్యాలా పిన్నీ?”

అమ్మ కోళ్ళను అదిలించి, గోడ ముందు కొత్త ముగ్గు వేస్తోంది. తలెత్తకుండానే చెప్పింది.

“య ఎయ్యి. మంచి రంగుతో ఎయ్యి. సెరిపినావంటే మా కృపారాణి సూస్తాది.”